అతుక్కున్న వేళ్లకూ గ్రహణానికీ సంబంధం లేదు

ప్రశ్న: మా బాబుకి ఎనిమిది నెలలు. ఎడమచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు అతుక్కుని పుట్టాయి. ఏడో నెలలో గ్రహణం రోజు నేను కత్తిపీట ముట్టుకోవడం వల్లే ఇలా అయిందని మా అత్తగారు అంటున్నారు. డాక్టరుగారేమో విడిపోవాల్సిన చర్మం విడిపోలేదన్నారు. అసలు లోపల ఏం జరుగుతుంది?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఇందులో మీ తప్పు ఇసుమంత కూడా లేదమ్మా. వేళ్లు విడిపోవడం రెండో నెలలోనే అయిపోతుంది, ఏడో నెలలో మీరు ఏం ముట్టుకున్నా అవి మళ్లీ అతుక్కోవు.

నిజానికి మనందరి వేళ్లూ మొదట అతుక్కునే ఉంటాయి. 6వ వారంలో పిండం చెయ్యి చిన్న తెడ్డులా ఉంటుంది, అందులో వేళ్లు గీతల్లా కనబడుతుంటే వాటి మధ్యంతా కణాలు నిండి ఉంటాయి. 8వ వారం ముగిసేసరికి ఆ మధ్యలోని కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. దెబ్బ తగిలి చచ్చే కణమైతే పగిలి లోపలిదంతా చుట్టూ చిమ్ముతుంది, వాపు వస్తుంది. ఇక్కడ అలా కాదు: చనిపొమ్మన్న సంకేతం అందగానే కణంలో ముందే ఉన్న కాస్పేజ్ అనే ఎంజైములు మేలుకుని లోపలి ప్రొటీన్లను తెగ్గోస్తాయి, డీఎన్ఏ ముక్కలవుతుంది, కణం ముడుచుకుపోయి చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది, వాటిని మాక్రోఫేజ్ కణాలు మింగేస్తాయి. వాపూ ఉండదు, మచ్చా ఉండదు. దీనికి 1972లో అపాప్టోసిస్ అని పేరు పెట్టారు.

బాతు కాలు, కోడి కాలు పక్కపక్కన చూడండి, తేడా ఇదే. వేళ్ల మధ్య కణాలకు ఆ సంకేతం ఇచ్చేవి బీఎంపీ అనే ప్రొటీన్లు. బాతుపిండంలో గ్రెమ్లిన్ అనే ఇంకో ప్రొటీన్ వాటిని అక్కడ అడ్డుకుంటుంది, అందుకే పొర మిగిలిపోతుంది. కోడికి ఆ అడ్డు లేదు. సీ. ఎలిగన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగులో అయితే లెక్క మరీ కచ్చితం: పెరిగేటప్పుడు పుట్టే 1,090 కణాల్లో 131 చనిపోతాయి, ప్రతి పురుగులోనూ అవే 131! ఈ పురుగు మీద చేసిన పనికే బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్‌లకు 2002లో నోబెల్ వచ్చింది.

మీ బాబులో ఆ ఒక్కచోట కణాలు పూర్తిగా పోలేదు. ఇలా సుమారు 2,000 నుంచి 3,000 మంది పిల్లల్లో ఒకరికి జరుగుతుంది, ఎక్కువగా ఈ రెండు వేళ్ల మధ్యే. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది, చాలామందికి ఇంట్లో ఎవరికీ లేకపోయినా వస్తుంది. ఎముకలు కూడా కలిశాయో లేదో ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఆపరేషన్ మామూలుగా ఏడాదికీ రెండేళ్లకీ మధ్య చేస్తారు, ఒక్కోసారి వేరేచోటి చర్మం తీసి వేస్తారు. చేతి సర్జరీలు చేసే ప్లాస్టిక్ సర్జన్‌కి ఇప్పుడే ఒకసారి చూపించి, ఎప్పుడు చేయించాలో అడగండి.