ట్యాంకు కంట్రోలర్ చేస్తున్నాను: 3డి ప్రింటర్ కొనాలా, మేకర్‌స్పేస్‌లో చేరాలా?

ప్రశ్న: బెంగళూరులో ఉంటాను. సంప్ మోటారు దానంతటదే ఆన్, ఆఫ్ అయ్యే కంట్రోలర్ తయారుచేసి అపార్ట్‌మెంట్లకి అమ్మాలని ఉంది. సొంత ప్రింటర్ కొనడం మేలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. కంట్రోలర్ పెట్టె డిజైన్ ఇంకా ఐదారుసార్లు మారుతుంది, సగం మార్పులకి ప్రింటర్ అక్కర్లేదు కూడా. మేకర్‌స్పేస్‌లో, అంటే ఫీజు కట్టి మెషీన్లు వాడుకునే ఉమ్మడి వర్క్‌షాప్‌లో, ఒక నెలకి చేరండి, అదీ డ్రాయింగ్ ఫైళ్లు సిద్ధమయ్యాకే. అక్కడ కూర్చుని గీస్తే ఫీజు దండగ.

మొదటి పెట్టె లేజర్ కట్టర్ మీద 3 మి.మీ. ఎండీఎఫ్‌తో (చెక్కపొడి అదిమి చేసిన షీటు) కోయండి. ప్రింటుకి గంటలు పడితే ఇది నిమిషాల పని. ముందు అదే షీటు అంచున 2.7, 2.8, 2.9, 3.0 మి.మీ. గాడులు కోసి చూడండి. లేజర్ తన దారిలో 0.1 నుంచి 0.2 మి.మీ. కాల్చేస్తుంది, పైగా 3 అని అమ్మే షీటు అచ్చంగా 3 ఉండదు. బొటనవేలితో నొక్కితే బిగుసుకునే గాడి కొలతే ఫైల్లో పెట్టండి. పీవీసీ మాత్రం లేజర్ కింద పెట్టొద్దు, ఆ పొగ మనిషికీ మెషీన్‌కీ చేటు. తర్వాత ప్రింటుకి వెళ్లినా, డాబా మీద ఉండే సెన్సర్ పెట్టెకి పీఎల్‌ఏ (3డి ప్రింటర్లలో మామూలుగా వాడే ప్లాస్టిక్) పనికిరాదు. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.

సర్క్యూట్‌ని మేకర్‌స్పేస్‌లో పక్క బల్ల వాళ్లకి చూపించండి. కొత్తవాళ్ల తప్పు ఒకటి వాళ్లు చూడగానే పట్టేస్తారు: నీలం రంగు 10 ఆంపియర్ల రిలేతో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) నేరుగా 1 హెచ్‌పీ మోటారు నడపడం. నడుస్తున్నప్పుడు ఆరేడు ఆంపియర్లే, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి, ట్యాంకు నిండినా మోటారు ఆగదు. కాంటాక్టర్ అంటే మోటార్ల కోసం చేసిన పెద్ద రిలే. చిన్న రిలే కాంటాక్టర్ కాయిల్‌ని (లోపలి తీగచుట్టని) నడపాలి, మోటారుని కాంటాక్టర్ నడపాలి. కాంటాక్టర్ ఆన్, ఆఫ్ అయినప్పుడల్లా ఈఎస్‌పీ32 (కోడ్ నడిపే చిన్న కంట్రోలర్ చిప్) రీసెట్ అవుతుంటే కోడ్‌లో వెతక్కండి. 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్‌నీ (మెయిన్స్ కరెంటు మీద వాడే రకం) 100 ఓమ్‌ల రెసిస్టర్‌నీ ఒకదాని వెంట ఒకటి కలిపి కాయిల్ రెండు కొసలకీ పెట్టి, ఆసిలోస్కోప్‌లో (వోల్టేజీ మారే తీరుని తెర మీద గీసి చూపే పరికరం) ఈఎస్‌పీ32కి వెళ్లే సప్లై లైన్ చూడండి. ఇంట్లో ఆసిలోస్కోప్ ఎవరికుంటుంది? నా లెక్కలో ఫీజు గిట్టేది ఇక్కడే. 230 వోల్టుల భాగాన్ని ప్రింట్ చేసిన పెట్టెలో పెట్టకండి, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో రెడీమేడ్ పెట్టె కొనండి.

మేకర్‌స్పేస్‌లో అందరి కళ్లూ మీ బల్ల మీదే. నీటిమట్టం కొలిచే పద్ధతిలో నిజంగా కొత్తదనం ఉంటే, డెమో ఇచ్చే ముందే ప్రొవిజనల్ పేటెంట్ (తేదీని ఖాయం చేసే తొలి అర్జీ) వేయండి. వ్యక్తులకి ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలు. పూర్తి స్పెసిఫికేషన్‌కి (ఆవిష్కరణ పూర్తి వివరాల పత్రం) 12 నెలల గడువు. కర్ణాటక అర్జీలు చెన్నై కార్యాలయం కిందికి వస్తాయి. కొత్తదనం లేకపోతే ఆ డబ్బుతో ఇంకో నాలుగు పెట్టెలు కోయండి.

పది పీసులు పది ట్యాంకుల మీద ఒక వానాకాలం తట్టుకున్నాకే పారిశ్రామికవాడ పీణ్యాలో మోల్డ్ (ప్లాస్టిక్ పోసి పెట్టెలు చేసే అచ్చు) ధర అడగండి. ప్రింట్ ఫైలు యథాతథంగా మోల్డ్‌కి పనికిరాదు: గోడల మందం అంతటా ఒకటే ఉండాలి, పక్కలు ఒకటి రెండు డిగ్రీలు వాలుగా ఉండాలి. వాలు లేకపోతే భాగం మోల్డ్ నుంచి ఊడిరాదు.