బట్టకీ కాగితానికీ సీజన్ ఉంటుంది, రాయికి ఉండదు

"వాషింగ్టన్‌లోని ఏషియన్ ఆర్ట్ మ్యూజియంలో వచ్చే సీజన్‌కి కొత్త ఎగ్జిబిషన్ పెడుతున్నారట. దానికోసం మా విమానం టికెట్లు నెల రోజులు వెనక్కి జరుపుకోవడం అవసరమా?" అని అడిగారు. అక్కడ ఏం పెడుతున్నారో ముందు కనుక్కోండి. కాగితం, పట్టు, బట్ట మీద చేసిన పనయితే తప్పకుండా జరుపుకోండి. రాతి విగ్రహాలయితే తొందర లేదు, వాటిలో చాలావరకు ఏళ్ళ తరబడి అదే గదిలో ఉంటాయి.

నేను దర్శి దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. 2019 డిసెంబరులో అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు పట్టుబట్టి ఆ మ్యూజియంలోనే భాగమైన ఫ్రియర్ గ్యాలరీకి తీసుకెళ్ళమన్నాను. 1923లో తెరిచిన గ్యాలరీ అది, ఇప్పటికీ టికెట్ లేదు. అమెరికా వెళ్ళిన అమ్మానాన్నల్ని పిల్లలు మాల్‌కీ గుడికీ తప్ప ఎక్కడికీ తిప్పరు. ఆ గుళ్ళూ చీరల షాపులూ ఒంగోలులో లేవా?

అప్పుడక్కడ జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ బొమ్మలు పెట్టారు. అచ్చువేసినవి కాదు, ఆయన చేత్తో గీసినవి. తొంభై ఏళ్ళకి దగ్గరపడి కూడా కుంచె వదలని మనిషి, 1849లో పోయారు. తీరా లోపలికెళ్తే గుడ్డి వెలుతురు. పొద్దుగూకి దీపం పెట్టబోయే ముందు మా పంచలో ఉండేంత, అంతే. అద్దానికి ముక్కు ఆనించి చూడాల్సి వచ్చింది. ఇంత దూరం వస్తే లైట్లు కూడా వేయరా అని నాకు కోపం వచ్చింది. అక్కడ కాపలా ఉన్న ఆవిణ్ణి అడగమని అమ్మాయిని పంపాను.

ఆవిడ విసుక్కోలేదు, దగ్గరికొచ్చి చెప్పింది. వెలుగు పడేకొద్దీ రంగు చచ్చిపోతుంది, పోయిన రంగు మళ్ళీ రాదు. అందుకే కాగితం, పట్టు లాంటి వాటి మీద వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటనివ్వరట. కొన్ని నెలలు చూపించి, తీసి చీకటి గదిలో ఏళ్ళ తరబడి దాచి, ఆ చోట వేరే బొమ్మలు పెడతారట. సీజన్ ఎగ్జిబిషన్ అంటే జనాన్ని రప్పించడానికే అనుకునేవాణ్ణి, అసలు కారణం ఇది.

మా అమ్మ తన పెళ్ళినాటి వెంకటగిరి చీరని ట్రంకుపెట్టెలో వేపాకు వేసి దాచేది. ఏడాదికోసారి తీసి, మడత మార్చి, నీడపట్టున ఆరేసి మళ్ళీ పెట్టేసేది. ఆ సంగతి ఆవిడకి చెప్పమన్నాను. అమ్మాయి చెప్తే ఆవిడ, చీర ఏం రంగు అని అడిగింది. చిలకపచ్చ అన్నాను. ఆ బొమ్మల్లో సగం మర్చిపోయాను గానీ ఆ ప్రశ్న మర్చిపోలేదు.

ఇంకొకటి, మీరు ఏ మ్యూజియంకి వెళ్ళినా మన దేశపు రాతి శిల్పాల దగ్గర ఆగి, పక్కనున్న చిన్న అట్టని చివరిదాకా చదవండి. ఎవరి దగ్గర కొన్నారు, ఏ సంవత్సరం అనేది కింద సన్న అక్షరాల్లో ఉంటుంది. అందరూ ఫోన్‌లో ఫోటో కొట్టుకుని వెళ్ళిపోతారు, దాన్ని చదివే నాథుడు ఉండడు.

ఎందుకు చెప్తున్నానంటే, మా దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది. కొండ మీద బౌద్ధ స్తూపం, 1970లలో తవ్వి తీశారు. నేను పిల్లల్ని ట్రాక్టర్ ఎక్కించి అక్కడికి తీసుకెళ్ళి, ఆ సున్నపురాతి పలకల్ని చూసి గీయమనేవాణ్ణి. ఆ చందవరం నుంచి దొంగలు ఎత్తుకుపోయిన పలక ఒకటి, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులది, మూడో శతాబ్దానిది, న్యూయార్క్ డీలర్ చేతుల మీదుగా కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియాకి చేరింది. 2005లో 5,95,000 డాలర్లకి కొన్నారు. దొంగసొత్తని తేలాక 2016లో మన దేశానికి తిరిగిచ్చారు. అది పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మా పిల్లలు బలపం అరిగేదాకా గీసిన కొండ మీది రాయి అది. అక్కడ హొకుసాయ్ బొమ్మకి 50 లక్స్ లెక్క కట్టి కాపు కాస్తారు, ఇక్కడ రాయికి రాత్రిపూట ఒక మనిషి కాపలా దొరకలేదు.

కాబట్టి వెళ్ళే ముందు ఒక్క ఆదివారం దొనకొండలో రైలు దిగి, ఆటో మాట్లాడుకుని చందవరం చూసి వెళ్ళండి. మంచినీళ్ళు తీసుకెళ్ళండి, కొండ మీద నీడ తక్కువ. ఆ పలకని ఒంగోలులో ఒక్క మూడు నెలలు ఎగ్జిబిషన్ పెడతామంటే చాలు, పిల్లల్ని తీసుకొచ్చే ట్రాక్టర్ ఖర్చు నాది.