పాత బొగ్గు ఇంజను ఒక్కటే చూడాలా? పెరికల ఇంజను చూడండి

ప్రశ్న: “బ్రిటన్ వెళ్తున్నాం. పాత బొగ్గు ఇంజను ఒక్కదాన్ని చూసే తీరిక ఉంది. ఏది చూడాలి?”

అందరూ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ పేరే చెబుతారు. జనం తలకాయల సందుల్లోంచి దాని ఆకుపచ్చ రంగు చూసి వచ్చేయొచ్చు. ఇంజను ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మాత్రం గ్రేట్ వెస్టర్న్ రైల్వే 5700 తరగతి ప్యానియర్ ట్యాంకు దగ్గరికి వెళ్లండి, అదీ పొద్దున్నే.

ప్యానియర్ అంటే మన పెరికే. పెరికెద్దు మీద అటొకటి ఇటొకటి సంచులు వేలాడినట్టు బాయిలర్‌కు రెండు పక్కలా నీళ్ల తొట్లుంటాయి. రెండూ కలిపి 1,200 గ్యాలన్లు. ఇది సోకు కోసం చేసింది కాదు. వీటి ఫైర్‌బాక్స్, అంటే బొగ్గు మండే పెట్టె, బెల్‌పేర్ రకం; నెత్తి చదరంగా ఉంటుంది, దాని మీద జీనులా పైనుంచి కప్పే గుండ్రటి తొట్టి కుదురుగా కూర్చోదు. తొట్లు పక్కలకు పోతే కింద ఫ్రేముల మధ్య దాగిన, చక్రాలను తిప్పే కడ్డీలకు చెయ్యి కూడా అందుతుంది.

1929 నుంచి 1950 దాకా 863 కట్టారు, అందులో 613 స్విండన్‌లోని ఆ రైల్వే సొంత కార్ఖానాలోనే. ఇప్పుడున్నవి 16. అందం చూసి ఎవరూ దాచలేదు, చాకిరీ చేస్తాయనే ఉంచుకున్నారు. లండన్ ట్రాన్స్‌పోర్ట్ 1956-63 మధ్య 13 కొని పట్టాల పనుల బండ్లకు కట్టింది. బ్రిటిష్ రైల్వేస్ పెద్ద లైన్లలో ఆవిరి 1968లోనే ఆగిపోయినా ఇవి 1971 జూన్ దాకా లాగాయి. 16లో ఆరు లండన్ ట్రాన్స్‌పోర్ట్‌వే. ఐదు బ్యారీ తుక్కు యార్డు నుంచి తెచ్చినవి. తక్కినవాటిలో ఎక్కువ బొగ్గు గనుల్లో బతికి బట్టకట్టినవి.

ఇక పొద్దుటి పని. నిప్పు పెట్టేముందు చూసేది గేజ్ గ్లాసు, అంటే బాయిలర్‌లో నీటిమట్టం చూపే గాజు గొట్టం: కాక్ తిప్పి నీళ్లు వదిలి, మళ్లీ పైకి ఎగబాకుతున్నాయో లేదో చూడాలి. దానికి నీళ్లొచ్చే దారి పూడుకుపోతే గ్లాసు అబద్ధం చెబుతుంది. నీటిమట్టం ఫైర్‌బాక్స్ నెత్తి కిందికి జారితే అక్కడ బిగించిన సీసం బిరడా కరిగి ఆవిరి నిప్పుల మీదికి దూకుతుంది. తర్వాత బూడిద తీసి, కట్టెలు, నూనె గుడ్డలతో మంట. తొందర పనికిరాదు. రాగి ఫైర్‌బాక్స్ ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది, హడావిడిగా కాలిస్తే దాన్ని బాయిలర్‌కు కట్టి ఉంచే స్టే బోల్టుల దగ్గర నీళ్లు కారడం మొదలవుతుంది. చల్లారిన బాయిలర్‌కు నాలుగైదు గంటలైనా ఇవ్వాల్సిందే. నిండు పీడనం చదరపు అంగుళానికి 200 పౌండ్లు.

ఆ ఖాళీలో ఒకరు కింది గుంటలోకి దిగి నూనె పోస్తారు. ఇక్కడే ఆగి చూడండి. ప్రతి నూనె గిన్నెకూ బెండు బిరడా, దాని నడిమధ్య సన్నటి బెత్తం ముక్క. ఆ బెత్తం సందుల్లోంచి గాలి లోపలికి పోతేనే నూనె కిందికి దిగుతుంది. మడ్డి పేరుకుని సందులు మూసుకుంటే గిన్నె నిండుగా ఉన్నా బేరింగు ఎండిపోతుంది, దాని లోపలి మెత్తటి తెల్లలోహం పూత కరిగి ఆ రోజు బండి షెడ్డుకే. కోట్ల ఇంజను ఒక బెండు ముక్క మీద ఆధారపడి ఉంటుంది! ఇంత జరుగుతుంటే సందర్శకులేమో రంగు మీద వాదించుకుంటారు: ఆకుపచ్చా, లండన్ ఎరుపా, నలుపా అని.

కదిలేటప్పుడు సిలిండర్ కాక్స్, అంటే సిలిండర్లలోని నీళ్లు బయటికి వదిలే కుళాయిలు, తెరిచి ఉంచుతారు. లోపల చేరిన నీళ్లు నలగవు, పిస్టన్ తోసిందంటే మూత పగులుతుంది. ఇంకో తలనొప్పి, తొట్లు బాయిలర్‌ను ఆనుకుని ఉండటం. సాయంత్రానికి నీళ్లు వేడెక్కితే, వాటిని బాయిలర్‌లోకి ఎక్కించే ఇంజెక్టర్ పట్టదు. చల్లటి నీళ్లు నింపి, ఇంజెక్టర్ ఒంటి మీద కూడా ఓ బకెట్ గుమ్మరిస్తారు.

ఇంగ్లండ్‌లోని డిడ్‌కాట్ రైల్వే సెంటర్‌లో 3650, 3738 నంబర్లవి ఉన్నాయి. ఉన్నంత మాత్రాన నడుస్తాయని కాదు. సాధారణంగా పదేళ్లకోసారి బాయిలర్ విప్పాలి, అప్పుడు ఏళ్ల తరబడి ముక్కలుగా పడి ఉంటాయి. టికెట్ కొనేముందు ఆ రోజు ఆవిరి మీద ఉండే ఇంజను నంబరు అడగండి.