లైవ్ మ్యాచ్ మధ్యలో చక్రం తిరుగుతోందా?

ప్రశ్న: మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్. ఫోన్లో స్పీడ్ టెస్ట్ చేస్తే 90 పైనే చూపిస్తోంది. టీవీలో సినిమాలు హాయిగా ఆడుతున్నాయి. లైవ్ మ్యాచ్ పెడితే మాత్రం ఐదు నిమిషాలకోసారి చక్రం తిరుగుతుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే నెట్ బాగానే ఉందంటున్నారు. లోపం ఎక్కడ?

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. హెచ్‌డీ లైవ్‌కు 5 నుంచి 8 ఎంబీపీఎస్ సరిపోతుంది, 4కెకు 25 ఉంటే ధారాళం. కాబట్టి మీకు స్పీడుకు కొదవ లేదు, నిలకడే లేదు. సినిమా అయితే యాప్ చాలాసేపటికి సరిపడా ముందే దింపుకుని ఉంచుకుంటుంది. మధ్యలో పది సెకన్లు నెట్ పోయినా మనకు తెలియదు. ఇంకా వేయని బంతిని ముందే దింపుకోవడం కుదరదు కదా! లైవ్ వీడియో కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది, అలాంటివి రెండు మూడు మాత్రమే యాప్ చేతిలో ఉంటాయి. వైఫై కాసేపు తడబడితే అవి అయిపోతాయి, చక్రం మొదలవుతుంది.

రూటర్ పక్కన నిలబడి ఫోన్లో చేసిన స్పీడ్ టెస్ట్ టీవీ సంగతి చెప్పదు. ల్యాప్‌టాప్‌ను టీవీ పక్కనే పెట్టి అదే వైఫైకి కలపండి. రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో రూటర్ అడ్రస్‌కు, రెండోదాంట్లో 8.8.8.8కు (ఇంటి బయట, ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్) పింగ్ నడపండి. పింగ్ అంటే అవతలి యంత్రాన్ని పలకరించి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందో చూపే కమాండ్. రూటర్ అడ్రస్ దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. విండోస్‌లో కమాండ్ చివర ‘మైనస్ టి’ (-t) చేర్చకపోతే నాలుగుసార్లకే ఆగిపోతుంది. ఇక మ్యాచ్ చూస్తూ ఉండండి. చక్రం తిరిగిన క్షణంలో రూటర్ పింగ్ రెండు మూడు మిల్లీసెకన్ల నుంచి వందల్లోకి ఎగబాకినా, జవాబే రాకపోయినా తప్పు మీ ఇంటి వైఫైదే. రూటర్ పింగ్ నిలకడగా ఉండి రెండోది మాత్రమే చెడితే గొడవ రూటర్‌కు అవతల. అప్పుడు ఆ స్క్రీన్ ఫొటో తీసి కస్టమర్ కేర్‌కు పంపండి. రెండూ కదలకపోతే టీవీనో యాప్‌నో ప్రసారం చేసేవాళ్లనో అనుమానించాలి.

వైఫైదే తప్పని తేలితే మొదటి మందు రూటర్ నుంచి టీవీకి నెట్ వైరు. చాలా టీవీల నెట్ పోర్టు 100 ఎంబీపీఎస్ మాత్రమే. వైరు పెట్టాక స్పీడ్ తగ్గిందని కంగారు పడొద్దు, 4కెకు అది చాలా ఎక్కువ.

ప్రశ్న: క్యాట్ 5ఇ రకం నెట్ వైరు లాగించాం. టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ వెలిగాయి. అయినా బొమ్మ ఆగుతోంది.

జవాబు: ప్లగ్గులో రంగుల వరుస చూడండి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ: ఇదీ వరుస. వైరులో తీగలు రంగుల వారీగా రెండేసి జతలుగా మెలివేసి ఉంటాయి. రెండు కొసలా ఒకేలా ఉంటే చాలనుకుని కొందరు జత పక్కన జత వరుసగా పేర్చేస్తారు. 100 ఎంబీపీఎస్ పోర్టులో డేటా నడిచేది 1-2, 3-6 పిన్నుల మీద. అలా పేరిస్తే 3లోకి ఆకుపచ్చ జత తీగ, 6లోకి నీలం జత తీగ వస్తాయి. ఒకే జతగా మెలివేసి ఉంటేనే తీగలు బయటి అలజడిని తట్టుకుంటాయి, ఇక్కడ ఆ మెలికే పోయింది. టెస్టర్ చూసేది తీగ తెగిందా లేదా అన్నది మాత్రమే, అందుకే అన్నీ వెలుగుతాయి. కొసలు కత్తిరించి, సరైన వరుసలో కొత్త ప్లగ్గులు బిగించి క్రింప్ చేయించండి. మెలిక అర అంగుళానికి మించి విప్పకూడదు, పైతొడుగు ప్లగ్గు లోపలికి వెళ్లాలి.

ప్రశ్న: వైరు లాగే వీల్లేదు. టీవీ వెనక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టాం. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ మంచిదా, 5 మంచిదా?

జవాబు: మధ్యలో ఒకటీ అరా గోడలే అయితే 5. ఫోన్లో వైఫై అనలైజర్ యాప్‌తో టీవీ దగ్గర సిగ్నల్ కొలవండి. మైనస్ 67 డీబీఎం లేదా అంతకంటే సున్నాకు దగ్గరగా ఉంటే మంచిది, మైనస్ 75 కంటే కిందికి దిగితే లైవ్ మీద ఆశ వదులుకోవచ్చు. రూటర్‌లో వైఫై ఛానల్ 36 నుంచి 48 లోపు పెట్టండి. 52 నుంచి 144 వరకు ఉన్నవాటిలో చాలాచోట్ల రాడార్ నిబంధన ఉంటుంది. రాడార్ జాడ కనబడగానే రూటర్ ఆ ఛానల్ ఖాళీ చేయాలి, అలాంటిదే మరో ఛానల్‌కు వెళ్తే అక్కడ రాడార్ ఉందేమోనని నిమిషం పాటు ఏమీ పంపకుండా వినాలి. మొత్తం వైఫై ఒక నిమిషం మాయమై తిరిగొస్తుంటే కారణం ఇదే కావచ్చు.

2.4 తప్పనిసరైతే 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకుని ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. మైక్రోవేవ్ తిరిగినంతసేపూ దీనికి ఇబ్బందే. స్టిక్‌కు టీవీ యూఎస్‌బీ పోర్టు కరెంటు చాలకపోవచ్చు, దాని సొంత అడాప్టర్ వాడండి. టీవీ వెనక రేకు సిగ్నల్‌ను మింగేస్తుంది. పొట్టి హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్‌తో స్టిక్‌ను పక్కకు లాగండి. చవకైన పని, కానీ చాలాసార్లు ఇదే గట్టెక్కిస్తుంది.

ప్రశ్న: ఫోన్లలో ఫొటోల బ్యాకప్ మొదలైతే టీవీ ఆగిపోతోంది. డౌన్‌లోడ్ స్పీడ్ బోలెడు మిగిలే ఉంది మరి!

జవాబు: అప్‌లోడ్ దారి నిండిపోయింది. టీవీ తనకు ముక్క అందిందని చెప్పడానికీ, తర్వాతి ముక్క అడగడానికీ ఆ దారిలోనే పోవాలి, ఫొటోల వెనక క్యూలో నిలబడుతోంది. పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తూ 8.8.8.8కు పింగ్ చూడండి, 15 ఉన్నది 400 అయితే రోగం దొరికినట్టే. రూటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూ పేరుకుపోకుండా చూసే సెట్టింగ్) ఉంటే ఆన్ చేసి, కొలిచిన స్పీడ్‌లో 85 నుంచి 90 శాతం వద్ద పరిమితి పెట్టండి. లేకపోతే బ్యాకప్‌ను రాత్రికి మార్చండి.

ప్రశ్న: డీఎన్‌ఎస్ మారిస్తే బఫరింగ్ పోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: డీఎన్‌ఎస్ పని ముఖ్యంగా అడ్రస్ వెతికి పెట్టడం. ఛానల్ తెరుచుకోవడానికే ఆలస్యమవుతుంటే మార్చి చూడండి. ఆడుతూ ఆడుతూ ఆగే బొమ్మకు దాంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు.