చీరల లిస్టులో తోటికోడలి పేరు

తెనాలి దగ్గరి ఊరి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఏటా క్రిస్మస్‌కు ఆవిడ, భర్త కలిసి చర్చిలో 40 మంది వితంతువులకు చీరలు పంచుతారు. ప్రేమ డిసెంబరుతో ఆగిపోకూడదన్న పాస్టరుగారి మాట మనసులో నాటుకుని, ఇకపై నెలనెలా ఒక అనాథాశ్రమంలో భోజనాలు పెట్టాలనుకున్నారు. ఖర్చెక్కువని భర్త ఒప్పుకోవడం లేదు. ఆయన్ని ఎలా ఒప్పించాలని అడిగారు.

ఒప్పించొద్దమ్మా. ఆ ప్రశ్న పక్కన పెట్టేయండి. మూడో పేజీలో మీరు మాటల్లో మాటగా రాసిన సంగతి దగ్గర నేను ఆగిపోయాను. "మా బావగారు పోయి నాలుగేళ్లయింది. అక్కకూ మాకూ మాటల్లేవు. అయినా చీరల లిస్టులో ఆవిడ పేరు రాయించాను. పిలిచినా రాలేదు, అందరిలో నా పరువు తీసింది" అన్నారు.

పరువు ఎవరిది పోయింది? ఒకే గోడకు అటూ ఇటూ కాపురం ఉంటున్న తోటికోడలు, ఆ ఇంటికి మీకంటే ముందు కోడలిగా వచ్చిన మనిషి. అలాంటామెను టోకెన్ పట్టుకుని, మైకులో పేరు పిలిచాక లేచి వచ్చి, మీ చేతుల మీదుగా చీర అందుకుని ఫొటోకు నిలబడమన్నారు. నేనైనా వచ్చేదాన్ని కాదు. దాన్ని మీరు పొగరన్నారు. నేను ఆత్మాభిమానం అంటాను.

ఇంకో సంగతీ మీరే రాశారు. మామగారి తర్వాత అన్నదమ్ములకు చెరో ఎకరం వచ్చింది. బావగారి ఆస్పత్రికి పెట్టిన ఖర్చు కింద ఆయన ఎకరం కౌలు కూడా నాలుగేళ్లుగా మీ వారే తీసుకుంటున్నారు. ఆ ఖర్చెంత, వచ్చిన కౌలెంత, ఎప్పుడైనా కాగితం మీద వేశారా? 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన క్రైస్తవుడి ఆస్తిలో మూడో వంతు భార్యది, మిగతా రెండొంతులు పిల్లలవి. ఆ ఎకరంలో మీకు సెంటు కూడా లేదు. ఆవిడ డబ్బు దగ్గర పెట్టుకుని ఆవిడకే చీర పెట్టబోయారు. కటువుగా ఉంటుందని తెలిసే చెబుతున్నాను.

మార్కు సువార్త ఏడో అధ్యాయం మీరు చదివే ఉంటారు. అమ్మానాన్నలకు దక్కాల్సినదాన్ని "కొర్బాను", అంటే దేవుడికి అర్పించేశాం అని ఆయన పేరు పెట్టి తప్పించుకునేవాళ్లను ప్రభువు ఎంత గట్టిగా నిలదీశాడు! అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో సణుగుడు కూడా విధవరాండ్ర గురించే. వాళ్లను చిన్నచూపు చూసింది రోజూ జరిగే పరిచర్యలో, అంటే రోజువారీ భోజనాల పంపకంలో.

మీరు తప్పు పట్టిన ఒక విషయం నాకు ధైర్యం ఇచ్చింది. పండగ ముందు రోజు రాత్రి మీ అమ్మాయి చేత కజ్జికాయలు, కేకు పంపితే, "పళ్లెం కడిగి ఇంత చక్కెర పోసి పంపింది, ఒక్క మాటైనా అనలేదు" అని రాశారు. ఖాళీ పళ్లెం పంపకూడదని డబ్బా తీసి చక్కెర పోసిందే, ఇంకేం మాట కావాలమ్మా? తెగతెంపులు చేసుకున్న మనిషైతే ఆ పళ్లెం గుమ్మంలోంచే తిప్పి పంపేది.

ఆశ్రమం పిల్లలకు అన్నం పెట్టడం మంచిదే, తర్వాత చూద్దురుగాని. ముందు మీ వారితో కౌలు లెక్క మాట ఎత్తండి. ఈ విషయంలో మాత్రం ఆయన కోపానికి వెనక్కి తగ్గొద్దు. ఆస్పత్రి బిల్లులు తీసి, లెక్క వేసి, రావాల్సింది ఆయనే స్వయంగా వదినగారి చేతిలో పెట్టాలి. పండగ దాకా ఆగొద్దు, పాస్టరుగారిని వెంటబెట్టుకుని వెళ్లొద్దు. వచ్చే పంట నుంచి కౌలు నేరుగా ఆవిడకే ఇమ్మని రైతుకు చెప్పండి.

మీరు వేరేగా, ఒక్కరే వెళ్లండి. చీర సంగతికి క్షమించమని అడగండి. ఆవిడ ఏడ్చినా, నాలుగు మాటలన్నా కూర్చుని వినండి. పిల్లాడి పాలిటెక్నిక్ ఫీజు ఇంకా కట్టలేదని మీ అమ్మాయి చెప్పిందన్నారు కదా, గడువు ఎప్పుడో కనుక్కుని రండి.