హిందూ కుటుంబం నుంచి వెళ్ళే పిల్లలకు ఇంగ్లాండులోని కాథలిక్ సిక్స్త్ ఫారం ఎలా ఉంటుంది?

సెప్టెంబరులో కాథలిక్ పాఠశాల సిక్స్త్ ఫారంలో (మన ఇంటర్మీడియట్ వయసులో చదివే పాఠశాల చివరి రెండేళ్ళు) చేరబోతున్న మీ అమ్మాయి ప్రార్థనలకు తప్పనిసరిగా వెళ్ళాలా, అక్కడి రోజులు మన ఇంటర్మీడియట్‌లా గడుస్తాయా, మార్కులు కాక పాఠశాల ఇంకేమి ఆశిస్తుంది అని మీరు అడిగారు. మా పిల్లలిద్దరూ మిడ్‌లాండ్స్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే ఒక కాథలిక్ పాఠశాలలోనే పన్నెండో, పదమూడో సంవత్సరాలు, అంటే సిక్స్త్ ఫారం రెండేళ్ళు, పూర్తి చేశారు. మేమూ హిందువులమే కనుక మీ సందేహాలు నాకు కొత్త కావు. నా అనుభవంలో మతం వల్ల వచ్చిన ఇబ్బంది చాలా తక్కువ. పిల్లలకూ మాకూ నిజంగా అలవాటు పడవలసి వచ్చింది, చదువు బాధ్యతను పాఠశాల పూర్తిగా విద్యార్థి చేతికే అప్పగించే పద్ధతికి.

ముందుగా ప్రార్థనల సంగతి. ఉదయం ట్యూటర్ (తరగతి బాధ్యత చూసే ఉపాధ్యాయులు) దగ్గర హాజరు వేసేటప్పుడు ఒకటి రెండు నిమిషాల ప్రార్థన, వారానికొకసారి అసెంబ్లీ, విద్యా సంవత్సరం ఆరంభంలోనూ ముఖ్యమైన పండుగలకూ దివ్యబలి పూజ ఉంటాయి. పూజలో కాథలిక్కులు దివ్యసత్ప్రసాదం (పూజలో పవిత్రం చేసి ఇచ్చే అప్పం) స్వీకరించడానికి వరుసలో వెళ్తున్నప్పుడు, ఇతర మతాల పిల్లలు చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్ళి పూజ జరిపే ఫాదర్ ఆశీర్వాదం తీసుకోవచ్చు, లేదా తమ చోటులోనే కూర్చోవచ్చు. మా అబ్బాయి రెండేళ్ళూ కూర్చునే ఉన్నాడు, అమ్మాయి వెళ్ళేది, ఎవరినీ ఎవరూ కారణం అడగలేదు. విభూది బుధవారం నాడు నుదుట బూడిదతో సిలువ గుర్తు పెట్టించుకోవడం కూడా ఐచ్ఛికమే. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మనవరాలిని చూసిన మా అత్తగారు, ఇంగ్లాండులో శివాలయానికి వెళ్ళి వచ్చిందని ఎంతో సంతోషించారు, ఆ సంతోషాన్ని మేము చెడగొట్టలేదు.

చట్టం ప్రకారం ఇంగ్లాండులోని పాఠశాలల్లో సిక్స్త్ ఫారం విద్యార్థులు సామూహిక ప్రార్థన నుంచి తమంతట తాముగా మినహాయింపు కోరవచ్చు. మతవిద్య తరగతి అలా కాదు. పరీక్ష లేకపోయినా కాథలిక్ సిక్స్త్ ఫారంలో అది బోధనలో భాగమే, పాఠ్య సమయంలో కనీసం 5 శాతం దానికి కేటాయించాలని అక్కడి బిషప్పుల నిబంధన. పిల్లలను ఆ తరగతి నుంచి తప్పించమని కోరే హక్కు తల్లిదండ్రులకు ఉంది గాని, నేనైతే దాన్ని వాడుకోమని సలహా ఇవ్వను. మా పిల్లల తరగతిలో జరిగింది బైబిలు కంఠస్థం కాదు, కారుణ్య మరణం, యుద్ధం న్యాయమా, పేదరికం ఎవరి బాధ్యత వంటి విషయాల మీద వాదోపవాదాలు. వైద్యవిద్య ఇంటర్వ్యూలలో నైతిక ప్రశ్నలు ఎదురైనప్పుడు మా అమ్మాయికి ఆ గంటలు నేరుగా అక్కరకు వచ్చాయి. మంచి ఫలితాల కోసం సీటు తీసుకుని, మిగిలినవన్నీ తప్పించుకుందామనుకునే కుటుంబానికి ఈ పాఠశాలలు సరిపడవని నా గట్టి అభిప్రాయం. నమ్మమని వారు అడగరు, కానీ వచ్చి గౌరవంగా కూర్చోమని అడుగుతారు.

ఇక రోజువారీ చదువు. సాధారణంగా మూడు ఏ లెవెల్స్ (సిక్స్త్ ఫారంలో ఎంచుకుని చదివే విషయాలు, వాటి పరీక్షలు) తీసుకుంటారు, ఫర్దర్ మ్యాథ్స్ చదివేవారు నాలుగు. ఒక్కో విషయానికి వారానికి సుమారు నాలుగైదు గంటల బోధన ఉంటుంది కనుక టైంటేబుల్‌లో చాలా గళ్ళు ఖాళీగా కనిపిస్తాయి. వాటిని స్టడీ పీరియడ్లు అంటారు. విజయవాడ, హైదరాబాదు కార్పొరేట్ కళాశాలల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు చూసి పెరిగిన మనకు ఆ ఖాళీలు ఆందోళన కలిగిస్తాయి. పన్నెండో సంవత్సరంలో చాలా పాఠశాలలు ఆ సమయాన్ని గ్రంథాలయంలోనో స్టడీ రూములోనో గడపమంటాయి, అక్కడ ఒకరు పర్యవేక్షిస్తారు కూడా, అయితే ఏమి చదవాలో చెప్పేవారు ఉండరు. తరగతిలో ఎన్ని గంటలో బయట సొంతంగా కనీసం అన్ని గంటలు చదవాలన్నది ఉపాధ్యాయుల అంచనా. మొదటి అర్ధ సంవత్సరంలో పిల్లలు వెనుకబడేది ఇక్కడే, అదీ జీసీఎస్ఈలో (సిక్స్త్ ఫారానికి ముందు, మన పదో తరగతిలా రాసే పరీక్షలు) అత్యున్నత గ్రేడు అయిన తొమ్మిదులు తెచ్చుకున్న వారు కూడా.

ఇంటర్‌లో మొదటి సంవత్సరం మార్కులు తుది మొత్తంలో కలుస్తాయి. ఏ లెవెల్‌లో అలా కాదు, రాత పరీక్షలన్నీ పదమూడో సంవత్సరం చివర మే, జూన్ నెలల్లోనే జరుగుతాయి. అందువల్ల మొదటి ఏడాది తేలికగా తీసుకోవచ్చనిపిస్తుంది, కానీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు వెళ్ళేది అంచనా గ్రేడులతో, ఆ అంచనాలకు పన్నెండో సంవత్సరం చివరి అంతర్గత పరీక్షలే ప్రధాన ఆధారం. వైద్యం, దంతవైద్యం, పశువైద్యం, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ దరఖాస్తులకు యూకాస్ (విశ్వవిద్యాలయ దరఖాస్తులు స్వీకరించే సంస్థ) గడువు అక్టోబరు 15, పాఠశాల తన అంతర్గత గడువును అంతకన్నా ముందే పెడుతుంది. వైద్యం ఆలోచన ఉంటే యూక్యాట్ అనే ప్రవేశ పరీక్షను అంతకుముందు వేసవిలోనే రాయవలసి ఉంటుంది కనుక ఆ సెలవుల్లో ఇండియా ప్రయాణం పెట్టుకునే ముందు తేదీలు చూసుకోండి.

హాజరు విషయంలో వారు చాలా కఠినంగా ఉంటారు. టర్మ్ మధ్యలో పెళ్ళికో గృహప్రవేశానికో ఇండియా వెళ్తామంటే అనుమతి దొరకడం కష్టం. దీపావళికి ముందుగా ఉత్తరం రాస్తే మాకు మతపరమైన సెలవుగా నమోదు చేశారు, సంక్రాంతి మాత్రం దాదాపు ప్రతిసారీ మాక్ పరీక్షల మీద పడేది. దుస్తుల్లో యూనిఫారం బదులు సూటు, మెడలో ఫోటో గుర్తింపు కార్డు. బొట్టుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ముక్కుపుడక గురించి మాత్రం ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. శుక్రవారం క్యాంటీనులో చేపలుంటాయి, శాకాహారం ఎప్పుడూ దొరుకుతుంది.

మార్కులు కాక ఆశించేది సేవ, అది మాటవరసకు కాదు. ఏడో తరగతి పిల్లలతో కూర్చుని చదివించడం, క్రిస్మస్ ముందు ఫుడ్ బ్యాంకుకు సరుకులు సేకరించడం, తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో) కాఫడ్ అనే కాథలిక్ సహాయ సంస్థ ఉపవాస దినానికి చందాలు పోగుచేయడం వంటి పనులన్నీ సిక్స్త్ ఫారం వారి మీదే పడతాయి. చాలా మేత్రాసనాలు (ఒక్కో బిషప్పు పాలనలోని ప్రాంతాలు) వేసవిలో ఫ్రాన్సులోని లూర్దుకు తీర్థయాత్ర నిర్వహిస్తాయి. రోగులనూ వృద్ధులనూ చక్రాల కుర్చీల్లో తిప్పడానికి, భోజనాలు వడ్డించడానికి ఈ వయసు పిల్లలను తీసుకువెళ్తారు. గుణదల మాత అంటే లూర్దు మాతే కనుక, విజయవాడలో పెరిగిన నాకు అమ్మాయిని పంపడానికి పెద్దగా నచ్చజెప్పవలసిన అవసరం రాలేదు. ఆ వారంలో తాను నేర్చుకున్నది ఆసుపత్రిలో చేసిన వర్క్ ఎక్స్‌పీరియన్స్ కన్నా ఎక్కువని ఆమె ఇప్పటికీ అంటుంది. ఇది తప్పనిసరి కాదు, ఖర్చులో కొంత మనమే భరించాలి.

తల్లిదండ్రులుగా మీకు వింతగా తోచేది మరొకటుంది. పేరెంట్స్ ఈవినింగ్‌లో ఉపాధ్యాయులు ప్రశ్నలు మనల్ని కాక పక్కన కూర్చున్న విద్యార్థినే అడుగుతారు: ఎక్కడ వెనుకబడ్డావు, దానికి ఏమి చేయబోతున్నావు అని. పిల్లల తరఫున మనం జవాబు చెప్పబోతే మర్యాదగా విని, మళ్ళీ వారి వైపే తిరుగుతారు. శనివారపు ఉద్యోగం విషయంలోనూ ఇంతే, నిర్ణయం పిల్లలదే, కాకపోతే వారానికి ఎనిమిది, పది గంటలు మించవద్దని మా పాఠశాల సూచించేది.

మీ అమ్మాయి సీటు ఆగస్టులో వచ్చే జీసీఎస్ఈ గ్రేడుల మీద ఆధారపడి ఉంటుంది కనుక, ఆమె ఎంచుకున్న విషయాలకు ఏ గ్రేడు కావాలో ఆఫర్ ఉత్తరంలో సరిచూసుకోండి. చేరేటప్పుడు మీరూ మీ అమ్మాయీ సంతకం చేసే ఒప్పంద పత్రంలో హాజరు, దుస్తులు, దివ్యబలి పూజ, మతవిద్య అన్నీ రాసి ఉంటాయి. ముక్కుపుడక, లూర్దు ఖర్చు, స్టడీ పీరియడ్లలో బయటికి వెళ్ళే అనుమతి వంటివి వేసవిలో జరిగే ఇండక్షన్ రోజున హెడ్ ఆఫ్ సిక్స్త్ ఫారం గారిని అడగవచ్చు, ఆ ప్రశ్నలను మీ అమ్మాయి చేతనే అడిగించండి.