యాభై దగ్గరే ఎందుకు ఆగింది?

ప్రశ్న: రెండు బిట్ల మల్టిప్లయర్‌ని (0 నుంచి 3 వరకు ఉన్న రెండు సంఖ్యల్ని గుణించే సర్క్యూట్) ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే మార్చుకోగలిగే చిప్) కోసం జెనెటిక్ అల్గారిథంతో (సర్క్యూట్లను కొద్దికొద్దిగా మారుస్తూ, మెరుగైనవాటిని ఉంచుకుంటూ పోయే పద్ధతి) పుట్టించాలని చూస్తున్నాను. సరిగ్గా వచ్చిన ప్రతి అవుట్‌పుట్ బిట్‌కి ఒక మార్కు. 64 మార్కులకు 50 దగ్గర ఆగిపోయింది. మ్యుటేషన్ (ఎలా పడితే అలా చేసే మార్పులు) పెంచినా కదలడం లేదు. ప్రాజెక్టు గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. సిమ్యులేషన్ మానేసి నేరుగా చిప్ మీదే నడిపితే మంచిదా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని

జవాబు: ఆ 50 చూడగానే మీ ఇబ్బంది అర్థమైంది. నేనూ వారం రోజులు సరిగ్గా అక్కడే ఇరుక్కుపోయాను. గుణకారం పట్టిక కాగితం మీద రాసి చూడండి. 16 వరుసలు, వరుసకు నాలుగు బిట్లు. ఆ 64లో ఒకట్లు 14 మాత్రమే. అంటే నాలుగు అవుట్‌పుట్‌లూ ఎప్పుడూ సున్నాగా ఉండే సర్క్యూట్‌కి, ఏమీ గుణించకపోయినా, మీరు 50 మార్కులు వేస్తున్నారు. పై బిట్ అయితే 3ని 3తో గుణించినప్పుడు తప్ప ఒకటి కానే కాదు.

ఒక్కో అవుట్‌పుట్‌కి, ఒకట్లు ఎంత శాతం సరిపోయాయో సున్నాలు ఎంత శాతం సరిపోయాయో విడిగా లెక్కగట్టి, ఆ రెంటినీ గుణించండి. అప్పుడు అన్నీ సున్నాలైన సర్క్యూట్‌కి సున్నాయే వస్తుంది. మ్యుటేషన్ తగ్గించండి, ఎక్కువైతే దొరికిన మంచి గేట్లు కూడా చెదిరిపోతాయి. పిల్ల సర్క్యూట్‌కి తల్లితో సమానంగా మార్కులొచ్చినా పిల్లనే ఉంచుకోండి, ఇది నాకు చాలా మేలు చేసింది. కింది బిట్‌కి ఒక్క ఆండ్ గేటు (ఇన్‌పుట్‌లు రెండూ ఒకటైతేనే ఒకటి ఇచ్చేది) చాలు. అదీ దొరక్కపోతే ఇన్‌పుట్‌లు ఆ గేటు దాకా చేరే వీలు మీ క్రోమోజోమ్‌లో (సర్క్యూట్‌ని వర్ణించే బిట్ల వరుసలో) ఉందో లేదో చూడాలి.

చిప్ మీద నడపడం గురించి: 1996లో సస్సెక్స్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ థాంప్సన్ ఆ పనే చేశారు. జైలింక్స్ ఎక్స్‌సీ6216 చిప్‌లో ఓ మూల 100 సెల్స్ (చిన్న లాజిక్ గళ్లు), క్లాక్ (అన్నిటినీ ఒకే లయలో నడిపే సంకేతం) లేదు. 1 కిలోహెర్ట్జ్‌నీ 10 కిలోహెర్ట్జ్‌నీ వేరుచేసే సర్క్యూట్ పుట్టింది. అవుట్‌పుట్‌కి వైరుతో ఏ సంబంధమూ లేని కొన్ని సెల్స్‌ని ఆపేస్తే కూడా పని చెడింది! అదే చిప్‌లో ఇంకోచోట పెడితే పనితీరు పడిపోయింది. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే ప్రయోగం ఇది. కానీ మీకు కావలసింది ఏ బోర్డు మీదైనా పనిచేసే మల్టిప్లయర్ కదా.

పైగా ఇప్పటి చిప్‌లలో ఎలా పడితే అలా మార్చిన బిట్‌స్ట్రీమ్ (చిప్‌లోని సర్క్యూట్‌ని నిర్ణయించే బిట్లు) వేస్తే లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. చిప్ మీదే చేయాలనుకుంటే వైరింగ్ కదపకండి, లుక్‌అప్ టేబుళ్ల (ఏ ఇన్‌పుట్‌కి ఏ జవాబో దాచుకునే చిన్న పట్టికలు) లోపలి బిట్లూ మల్టిప్లెక్సర్ల (పలు సంకేతాల్లో ఒకదాన్ని ఎంచే స్విచ్‌లు) ఎంపికలూ మాత్రమే మార్చండి. ముందు మాత్రం ఈ రాత్రే మీ 50 మార్కుల సర్క్యూట్ అవుట్‌పుట్‌లు 16 వరుసలకూ ప్రింట్ చేసి చూడండి. అన్నీ సున్నాలు కాకపోతే ఆ పట్టిక నాకు పంపండి.